పడటం నేర్చిన నేల

కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలైన కొణతాలు బయటికి వస్తాయి. తరతరాలుగా వాటిని మోస్తున్న వీరాచారులు ఊరూరి నుంచి తరలివచ్చి, నాగులేటి ఒడ్డున అయిదు రోజుల పాటు పన్నెండో శతాబ్దపు దాయాదుల పోరును మళ్లీ తలుచుకుంటారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో ఘట్టం. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తుచేసుకుంటూ కులాలు ఎంచకుండా కలిసి తింటారు. కళ్లిపాడు యుద్ధం ముగిసే రోజు. వీరులు నేలకొరిగిన ఆ రోజున, ఆవేశంతో ఊగిపోతున్న ఆచారవంతులు ఆయుధాలతో సహా నేల మీద ఒరుగుతారు. కాసేపటికి లేస్తారు. పడటం, ప్రాణం పోకుండా పడటం, లేచి మళ్లీ పడటానికి సిద్ధపడటం సినిమా ఫైటరు వృత్తికి ఓనమాలు. కారంపూడి ఆచారానికీ మద్రాసు కోడంబాకం స్టూడియోలకూ నేరుగా చుట్టరికం ఉందని నేను అనను. అయినా గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పుట్టిన పోరువిద్యలు ఒక్కో తరంలో ఒక్కో వేషం మార్చుకుంటూ చివరకు వెండితెర మీదికి ఎలా చేరాయో వరసగా చూస్తే, ఆ ఒరగడమే నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది.

పల్నాటి కథను పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో కట్టాడు. పల్లెజనానికి మాత్రం అది పుస్తకంలోంచి కాక, వీరవిద్యావంతుల గొంతులోంచీ ఒంట్లోంచీ చేరింది. ఆ పాట వింటూ పెరిగిన పల్లెల్లో కర్రసాము, కత్తిసాము నేర్పే గురువులు ఉండేవాళ్లు. పీర్ల పండక్కీ దసరాకీ ఊరి నడిబొడ్డున కర్ర తిప్పేవాళ్లలో అన్ని కులాల వాళ్లూ, మతాల వాళ్లూ కనిపించేవాళ్లు. తాలింఖానాలో ఎర్రమట్టి తవ్వి, నూనె పోసి, గుంజీలూ దండీలూ తీయించే ఉస్తాదు ముందుగా చూసేది శిష్యుడి చేతిబలాన్ని కాదు, పాదాన్ని. పాదం కుదిరితే చెయ్యి కుదురుతుందనేవాళ్లు. నేటి ఫైట్ మాస్టర్లూ కొత్త కుర్రాడి అడుగునే ముందు చూస్తారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో శ్రీకాకుళం సీమ నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) ఉక్కు గొలుసులు తెంచి, మోటారు కార్లను కదలకుండా నిలబెట్టి, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుని తెలుగునేలంతటా వ్యాయామ వెర్రి పుట్టించాడు. బలాన్ని టిక్కెట్టు పెట్టి ప్రదర్శించడం, దాన్ని చూసి జనం ఒళ్లు జలదరించడం మన వాళ్లకు ఆయన సర్కసు గుడారంలోనే మొదట అలవాటైంది. సినిమాకు కావలసిన ప్రేక్షకుడు అలా తయారవుతున్నాడు.

ఇక్కడ చీరాలను తలవకుండా ముందుకు పోలేను. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులను ధిక్కరించి ఇళ్లు విడిచి, ఊరి బయట గుడిసెల్లో నెలల తరబడి కాపురం పెట్టారు. ఆ ఉద్యమాన్ని నడిపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని కట్టాడు. ఆ ఏడాదే బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సభల్లో ఆ దళం సేవ చేసింది. ఆయన కళాప్రియుడు కూడా. జానపద కళలను చిన్నచూపు చూడని మనిషి. వరసలో నడవడం, ఒక్క పిలుపుకు వందమంది ఒకేసారి కదలడం, దెబ్బకు దెబ్బ తియ్యకుండా నిలబడటం ఆ సీమ యువకులు అప్పుడు నేర్చుకున్నారు. బలానికి అదుపు అవసరమని అంత స్పష్టంగా చెప్పిన ఘట్టం మా ప్రాంత చరిత్రలో మరొకటి లేదనుకుంటాను.

సినిమా వచ్చేసరికి యుద్ధం రంగస్థలం మీదే ఉంది. తెనాలి నాటక సమాజాలు పద్యానికి పేరుపడితే, బుర్రకథ ఆ పద్యానికి కాళ్లు తొడిగింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ తంబుర భుజాన వేసుకుని పల్నాటి యుద్ధం చెబుతుంటే ఒక్క మనిషే రెండు సైన్యాలయ్యేవాడు. ముందుకు దూకడం, ఒక్కసారిగా ఆగడం, అందెల చప్పుడుతో దెబ్బను వినిపించడం ఆయన ప్రత్యేకత. తగిలిన దెబ్బ కంటే విన్న దెబ్బ బలంగా ఉంటుందని ఆయనకు బాగా తెలుసు. సినిమా సౌండ్ ఇంజనీర్లు తర్వాత చేసిందీ అదే. 1986లో పద్మశ్రీ అందుకునేనాటికి ఆయన మూడు తరాలకు వీరరసం రుచి చూపించాడు. ఆ కథనే గూడవల్లి రామబ్రహ్మం సినిమాగా మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1946లో కన్నుమూస్తే, ఎల్.వి. ప్రసాద్ ముగించి 1947లో ‘పల్నాటి యుద్ధం’గా విడుదల చేశారు. తెనాలి నాటకరంగం నుంచి వచ్చిన గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, యువకుడైన అక్కినేని బాలచంద్రుడు. అప్పటికి పన్నెండేళ్ల ముందే, 1935లో, బొంబాయిలో వాడియా సంస్థ ‘హంటర్‌వాలీ’తో నాదియాను గుర్రమెక్కించి, స్టంట్ సినిమా అన్న మాటను దేశమంతటా మోగించింది. మన వాళ్లు ఆ మాటను తెచ్చుకుని, కథను మాత్రం నాగులేటి ఒడ్డు నుంచి తీసుకున్నారు.

మద్రాసు స్టూడియోల్లో ఆ తర్వాతి ఇరవై ఏళ్లు జానపద చిత్రాల కాలం. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివిన నందమూరి తారక రామారావు 1951లో ‘పాతాళ భైరవి’తో తోట రాముడయ్యాడు. 1953లో ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడైన కాంతారావుకు జనం ‘కత్తి’ అనే ఇంటిపేరు పెట్టారు. అదే సినిమాతో వచ్చిన రాజనాల ఆ కత్తికి ఎదురు కత్తి అయ్యాడు. ఆ పోరాటాల్లో శత్రువుకు తగిలేది చెక్కకత్తో, మొనలేని రేకుకత్తో. అయినా ఇద్దరి అడుగులూ తాళంలో పడాలి, లేకుంటే కన్ను పోతుంది. అందుకే ప్రతి కథానాయకుడి వెనకా కత్తిసాము తెలిసిన మాస్టరూ, ఆయన వెంట పదిపదిహేను మంది మనుషులూ ఉండేవాళ్లు. కోటగోడ మీంచి దూకేదీ, గుర్రం మీంచి పడేదీ, మంటల్లోంచి పరుగెత్తేదీ వాళ్లే. హీరోకు వేషం కట్టి దూకిన మనిషిని డూపు అన్నారు. కింద ఇసుక పోసేవాళ్లు, గడ్డి పరిచేవాళ్లు. ఆ రోజుల్లో టైటిల్స్‌లో మాస్టరు పేరు పక్కన ‘అండ్ పార్టీ’ అని వేసేవాళ్లు. విరిగిన పక్కటెముకలు, బెణికిన మెడలు, ఇంటికి పంపిన మనియార్డర్లు అన్నీ ఆ రెండు మాటల్లో ఒదిగిపోయాయి. తెలుగు సినిమా చరిత్ర రాసినవాళ్లు గాయకుడి శ్రుతిని పట్టుకున్నారు, ఛాయాగ్రాహకుడి వెలుగును పట్టుకున్నారు, ఆ పార్టీని మాత్రం వదిలేశారు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే లోటు.

తెర మీద పోరాటాన్ని రాజుల కోట నుంచి నడివీధికి దించిన మలుపు మా సీమ మనిషి చేతుల మీదుగానే జరిగింది. తెనాలి పక్క బుర్రిపాలెంలో 1943లో పుట్టిన ఘట్టమనేని కృష్ణ 1966లో ‘గూఢచారి 116’గా సూటు తొడిగి పిస్తోలు పట్టాడు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో సొంత సంస్థ పద్మాలయా తీసిన ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్‌ను రాజస్థాన్ ఇసుకలో తెలుగు మాట్లాడించాడు. కత్తియుద్ధంలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడతారు. పిడిగుద్దుల పోరులో నలుగురు ఒకేసారి మీదపడాలి, నలుగురూ నాలుగు దిక్కుల్లో పడాలి. ఒక్క హీరోకు పదిమంది ఫైటర్లు కావలసి వచ్చింది ఇక్కడి నుంచే. అదే దాస్ అంతకుముందు ఏడాది ‘రౌడీరాణి’లో విజయలలిత చేత పోరాటాలు చేయించి, ఆ పని ఆడవాళ్లు చేస్తే జనం చూడరన్న మాటను పక్కన పడేశాడు. మా ఊళ్లలో టూరింగ్ టాకీస్ డేరాలో నేల టిక్కెట్టుకు కూర్చుని ఆ బొమ్మలు చూసిన పిల్లలు మర్నాడు ఏం చేసేవాళ్లో నాకు తెలుసు. పత్తి ఏరి ఇంటి వసారాలో గుట్టగా పోసిన రోజుల్లో ఆ గుట్టే మా స్టూడియో. అటక మీంచి దూకితే మెత్తగా దిగబడేది, ముక్కు నిండా నూగు. పెద్దవాళ్లు తరిమితే మిరప కళ్లం వైపు పరుగు. అక్కడ పల్టీలు కొట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఎండుమిరప కోరు ఒక్కసారి కంట్లో పడ్డవాడు మళ్లీ ఆ పక్కకు పోడు.

డెబ్భైల్లో తూర్పు నుంచి పెద్ద గాలి వచ్చింది. 1973లో బ్రూస్‌లీ చనిపోయిన కొన్నాళ్లకే ‘ఎంటర్ ద డ్రాగన్’ ప్రపంచమంతా తిరిగి మన పట్నాలకూ చేరింది. అప్పటిదాకా తెర మీద కొట్టడమంటే చెయ్యి. ఆ తర్వాత కాలు. మద్రాసులో జూడో రత్నం లాంటి మాస్టర్లు దక్షిణాది భాషలన్నిటికీ ఫైట్లు కూర్చారు. ఆయన పేరుకు ముందున్న ‘జూడో’యే కాలం మారిందని చెబుతుంది. కరాటేలో బ్లాక్ బెల్టు ఉన్న సుమన్, భానుచందర్ ఎనభైల్లో కథానాయకులయ్యారు. కొట్టడం తెలిసినవాడే హీరో అయితే డూపు అవసరం తగ్గింది గానీ ఫైటరు పని రెట్టింపయింది. నిజంగా విద్య తెలిసిన కాలు ఎంత వేగంగా వస్తుందో, అంత కచ్చితంగా వెనక్కి తగ్గాలి, లేదా అంత కచ్చితంగా పడాలి. గుంటూరు, ఒంగోలు, చీరాల వీధుల్లో తెల్లదుస్తుల కుర్రాళ్లు పొద్దున్నే వరసలు కట్టడం అప్పుడే మొదలైంది. తాలింఖానా మట్టి ఆరిపోయింది, దాని స్థానంలో స్కూలు ఆవరణల్లో కరాటే తరగతులు వెలిశాయి. ఉస్తాదు పోయి మాస్టరు వచ్చాడు, పాదం మీద చూపు మాత్రం అలాగే ఉంది.

బాపట్లలో పుట్టిన పవన్ కళ్యాణ్ ప్రస్థానం ఈ గాలి ఎక్కడి దాకా వీచిందో చూపిస్తుంది. మద్రాసులో షిహాన్ హుసేనీ దగ్గర కరాటే నేర్చుకుని బ్లాక్ బెల్టు పొందిన ఆయన 1996లో కథానాయకుడిగా తెరకెక్కాడు. 1999 నాటి ‘తమ్ముడు’లో చేతి మీదుగా కార్లు నడిపించుకున్న దృశ్యాలు చూసినప్పుడు, ఎనభై ఏళ్ల కిందటి సర్కసు గుడారం నాకు మళ్లీ కనిపించింది. కోడి రామ్మూర్తి విద్య కెమెరా ముందుకు వచ్చింది, అంతే తేడా. ‘ఖుషి’, ‘డాడీ’, ‘జానీ’ లాంటి చిత్రాల్లో పోరాటాలను కూర్చే పనిని కూడా ఆయన తీసుకున్నాడు. అగ్రకథానాయకుడొకడు ఫైట్ మాస్టరు పనిని తన పనిగా భావించడం ఆ వృత్తికి గౌరవం తెచ్చింది. శిష్యుడు ఉప ముఖ్యమంత్రి అయ్యాక, 2025 మార్చిలో గురువు హుసేనీ కన్నుమూశారు.

బాపట్లకు పడమటగా పోతే పర్చూరు, ఇంకొల్లు, కారంచేడు. పత్తి, మిరప, పొగాకు మీద బతికే ఊళ్లు. కారంచేడు సినిమాకు ఒక మహానిర్మాతనే ఇచ్చింది. 1936లో అక్కడ పుట్టిన దగ్గుబాటి రామానాయుడు దేశంలోని ఎన్నో భాషల్లో సినిమాలు తీశారు. అదే ఊరు 1985 జూలై 17న దళితుల మీద జరిగిన దాడితో, ఆరుగురి హత్యతో తెలుగు సమాజం మనసులో మానని గాయమైంది. ఆ నెత్తురులోంచే దళిత మహాసభ ఉద్యమం పుట్టింది. తెర మీద దెబ్బల గురించి రాస్తూ ఆ నేల మీద పడిన నిజమైన దెబ్బలను దాటి పోవడం చరిత్రకారుడికి తగదు. ఆ వెంటనే 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టి, గుంటూరు, ప్రకాశం రైతులను ఆత్మహత్యల దాకా తీసుకుపోయింది. పొలం మీద నమ్మకం సడలిన ఆ దశకంలో ఎందరో కుర్రాళ్లు ఊరు దాటారు, మద్రాసు రైలెక్కినవాళ్లూ ఉన్నారు. కారంచేడు నుంచి అలా వెళ్లిన కవలలే రామ్ లక్ష్మణ్.

ఇద్దరూ ఒకే పోలిక, ఒకే కొలత, ఒకే తీరు. అప్పట్లో మద్రాసులో చోటు సంపాదించడం తేలిక కాదు. ముందు ఫైటరుగా పడాలి. ఏళ్ల తరబడి పడి, మాస్టరు కన్ను గమనించాక అసిస్టెంటు కావాలి. ఆ తర్వాత ఏ నిర్మాతైనా నమ్మితే మాస్టరు. అన్నదమ్ములు ఆ మెట్లన్నీ ఎక్కారు. పరిశ్రమ హైదరాబాదుకు పూర్తిగా తరలివచ్చిన కాలానికి వాళ్లూ ఇక్కడికి చేరి, ‘కిక్’, ‘సింహా’, ‘గబ్బర్ సింగ్’, ‘లెజెండ్’ మొదలుకుని మూడు తరాల కథానాయకులకు పోరాటాలు కూర్చారు. నంది పురస్కారాలు అందుకున్నారు. తెలుగు చిత్రాల్లో ఫైట్ మాస్టరు పేరు చూడగానే ఈల పడటం చాలావరకు వాళ్లతోనే అలవాటైంది.

వాళ్ల పనిలో నేను విలువైనదిగా ఎంచేది తాళం. నాజర్ అందెల చప్పుడుకు ఉన్న పట్టు వాళ్ల పోరాటాల్లో వినిపిస్తుంది. 2020 నాటి ‘అల వైకుంఠపురములో’ చివరి ఫైటును సిక్కోలు యాసలోని జానపద గీతం మీద నడిపారు. దెబ్బ ఎక్కడ పడాలో పాట చెబుతుంది, పాట ఎక్కడ ఆగాలో దెబ్బ చెబుతుంది. 2018లో ‘రంగస్థలం’లో వినికిడి సరిగా లేని పల్లె కుర్రాడి కోపానికి తగిన మొరటు పోరు, అదే ఏడాది ‘అరవింద సమేత’లో ఫ్యాక్షన్ పగ బరువు మోసే భీకర పోరు కూర్చారు. ఆ రెండోది చూస్తే చేతిలోని కత్తి హీరోకే భారమైందని ప్రేక్షకుడికి తెలుస్తుంది. సభల్లో, ఇంటర్వ్యూల్లో ఈ అన్నదమ్ములు ఎక్కువగా మాట్లాడేది ధ్యానం గురించీ మనసు గురించీ. దెబ్బల మీద బతికే మనుషులు శాంతి మాట్లాడటం కొందరికి వింతగా తోస్తుంది. నాకు తోచదు. దెబ్బ తగలకుండా చూడటమే వాళ్ల వృత్తి.

ఆ వృత్తి లోపలి పద్ధతి పాఠకులు తెలుసుకోదగ్గది. పిడికిలి ముఖానికి కొన్ని అంగుళాల దూరంలోంచి పోతుంది, కెమెరా కోణం ఆ ఖాళీని మింగేస్తుంది. కొట్టినవాడి కంటే తిన్నవాడి రియాక్షనే దెబ్బను నమ్మిస్తుంది. తల ఒక రవ్వ ఆలస్యంగా తిరిగితే షాటు పాడు, ఒక రవ్వ ముందు తిరిగితే నవ్వులపాలు. గాల్లోకి ఎగరాలంటే చొక్కా కింద బెల్టు కట్టి, క్రేను నుంచి వేలాడే రోప్‌ను నలుగురైదుగురు ఒకే లెక్కన లాగాలి. లాగేవాళ్లలో ఒకడి చెయ్యి జారినా కిందివాడి వెన్నెముకే మూల్యం. ఇసుక, గడ్డి పోయి ఖాళీ అట్టపెట్టెలు, ఫోమ్ బెడ్లు వచ్చాయి. రోప్‌ను ఒకప్పుడు కెమెరాకు కనపడకుండా దాచేవాళ్లు, ఇప్పుడు కంప్యూటరు చెరిపేస్తుంది. అందువల్ల మందమైన రోప్ కట్టగలిగారు, మనిషి కొంత భద్రంగా ఎగిరాడు. గ్రాఫిక్స్ వచ్చి ఫైటరు పొట్ట కొట్టాయన్న మాట తరచూ వింటాం. నా దృష్టిలో అవి అతని ప్రాణానికి కాస్త కాపు కాశాయి. పూర్తిగా కాదు. 2025 జూలైలో తమిళనాడులో ఓ చిత్రీకరణలో కారు పల్టీ కొట్టించే స్టంటు చేస్తూ ఒక సీనియర్ కళాకారుడు ప్రాణం వదిలాడు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి.

గుర్తింపు మాత్రం ఆలస్యంగానైనా వస్తోంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో పోరాటాల కూర్పుకు ప్రత్యేక బహుమతి 2016 నాటి చిత్రాలతో మొదలైంది, తొలిసారి ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకున్నాడు. మరుసటి ఏడాదికి ‘బాహుబలి’ రెండో భాగం, 2021కి ‘ఆర్ఆర్ఆర్’, 2023కి ‘హనుమాన్’ తెలుగుకు ఆ గౌరవం తెచ్చాయి. హాలీవుడ్‌లో నూరేళ్లుగా గుర్రాల మీంచి పడుతున్నవాళ్లకు ఆస్కార్ సంస్థ 2025లోనే కబురు చెప్పింది, 2028 నుంచి స్టంట్ రూపకల్పనకు బహుమతి ఇస్తామని. ఆ లెక్కన మన దేశం పదకొండేళ్లు ముందే మేలుకుందని చెప్పుకోవచ్చు.

2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’ వచ్చింది. బుర్రిపాలెం కృష్ణ కుమారుడు కథానాయకుడు, కారంచేడు కవలలు ఫైట్ మాస్టర్లు, పేరులోనే మిరప. రెండు ఊళ్లు, రెండు తరాలు ఒకే బొమ్మలో కలిశాయి. ఆట ముగిశాక చివరి టైటిల్స్‌లో ఫైటర్ల పేర్లు చిన్న అక్షరాల్లో గబగబా పైకి పోతుంటాయి, అప్పటికే హాలు సగం ఖాళీ. ‘అండ్ పార్టీ’ లోంచి ఇన్నాళ్లకు ఆ పేర్లు బయటికి వచ్చాయి. కారంపూడిలో ప్రతి కొణతానికీ ఒక వీరుడి పేరుంది. నాయకుడిదే కాదు, అతని వెంట నడిచి పడిపోయినవాళ్లదీ. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ పేర్లను పిలుస్తున్నారు. కళ్లిపాడు నాటి సాయంత్రం నాగులేటి ఒడ్డున ఒరిగిన మనిషి లేచి, ఒంటి మీది దుమ్ము దులుపుకుని, తన వీరుడి ఆయుధాన్ని భుజానికెత్తుకుని గుడి వైపు నడుస్తాడు.